అయిదు గంటల బస్సెక్కిన చప్పట్లు

తెర మీద డాక్టరు రోగి గుండెను ఆపేశాడు. పాడైన కవాటం తీసి కొత్తది కుట్టడం కూడా అయిపోయింది. ఇక ఆ గుండెను మళ్లీ నడిపించాలి. సరిగ్గా అప్పుడే మెదక్‌లో కరెంటు పోయింది.

ఆ రోజుల్లో మా ఊళ్లో కరెంటు పోవడం వార్త కాదు. (రోజంతా పోకుండా ఉంటే వార్త. కానీ రాసి పంపినా మా పత్రిక డెస్కులో ఎవరూ నమ్మేవారు కాదు.) ఆ ఆదివారం సాయంత్రం పోయిన కరెంటును మాత్రం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఎందుకంటే, ఆ గుండె మళ్లీ కొట్టుకుందనీ, అది చూసి మెదక్ ప్రేక్షకులు చప్పట్లు కొట్టారనీ నేను అప్పటికే వార్త రాసి, కవరులో పెట్టి, అయిదు గంటల హైదరాబాద్ బస్సులో పంపేశాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఒక దినపత్రికకు మెదక్ విలేకరిని. రాసిన కాగితాలను కవరులో పెట్టి బస్టాండులో డ్రైవరు చేతికిస్తే, హైదరాబాద్‌లో మా పత్రిక మనిషి వచ్చి తీసుకునేవాడు. అయిదు గంటల బస్సు తప్పిందంటే ఆ రోజుకు వార్త తప్పినట్టే. అందుకని చిన్న ఊళ్ల విలేకరులకు ఒక అలవాటు ఉండేది. ఆరు గంటలకు మొదలయ్యే సభను నాలుగు గంటలకే రాసేసేవాళ్లం. ఉపన్యాసాలు ఎలాగూ మారవు, సభికుల హర్షధ్వానాలూ మారవు. ఒకసారి అసలు రాని నాయకుడు వచ్చి మాట్లాడినట్టు రాశాను. మర్నాడు ఆయనే ఫోను చేసి, బాగా రాశావని మెచ్చుకున్నాడు. అప్పటినుంచి నా ధైర్యానికి హద్దు లేకుండా పోయింది.

శనివారం నాడు డెస్కు సార్ ఫోనులో చెప్పాడు. "రేపు అయిదింటికి టీవీలో గుండె ఆపరేషన్ మీద డాక్యుమెంటరీ వస్తుందంట. గుండె ఆపి, మళ్లీ నడిపిస్తరంట. జనం చూసి ఏమనుకుంటున్నరో రాసి పంపు. ఏడుపులు, మొక్కులు ఉండాలె. అయిదు గంటల బస్సు మర్చిపోకు."

కార్యక్రమం అయిదింటికి, బస్సు అయిదింటికి. ఈ లెక్క ఆయనకు పట్టలేదు. నాకూ పట్టలేదు. టీవీలో వచ్చే ప్రకటన చూసి ఆదివారం మధ్యాహ్నమే రాసేశాను. ఒక గృహిణి చేత కంటతడి పెట్టించాను, ఒక విశ్రాంత ఉద్యోగి చేత "ఇది వైద్యుల విజయం" అనిపించాను, చివర అందరి చేతా చప్పట్లు కొట్టించాను. గుండె కొట్టుకోకపోతే అని నాకు తట్టనే లేదు. టీవీలో చూపించే ఆపరేషన్ ఫెయిలవుతుందా?

కవరు పంపి, నిశ్చింతగా ఖాలా ఇంటికి వెళ్లాను. ఖాలా, అంటే పిన్ని అని గల్లీ అంతా పిలిచే ఆమె, టైలర్ భాయ్ భార్య. రంగుల టీవీ ఉన్నది వాళ్లింట్లోనే. అప్పటికే మా ఇంటివాళ్లు, అంటే నేను కిరాయికి ఉండే ఇంటి యజమానులు, వచ్చి కూర్చున్నారు. ఆయన్ని మామా అనీ, ఆమెను అత్తమ్మా అనీ పిలిచేవాణ్ని. మామది హవేలిఘనపూర్‌లో వరి పొలం. ఆయన గుండెలో ఒక కవాటం చెడిపోయిందనీ, ఆపరేషన్ చేయాలనీ, అందులో అపాయం ఉందనీ, చేయకపోతే ఇంకా ఎక్కువ అపాయమనీ సిటీ డాక్టరు చెప్పి చాలా నెలలైంది. మామ మొదట నాట్లయినంక అన్నాడు, తరవాత కోతలయినంక అన్నాడు. కోతలూ అయిపోయాయి. మెట్లెక్కితే ఆయాసం ఎక్కువైంది గానీ మనిషి మాత్రం కదలలేదు.

నేను కూర్చోగానే మామ అన్నాడు: "అల్లుడా, ఇగ జెప్తున్న ఇను. గీ టీవీల ఆయన బతికితె నేను సిటీకి పోత, కోపిచ్చుకుంట. బతకకపోతె మాత్రం ఇంట్ల ఎవ్వలు గూడ ఆపరేషన్ పేరు దియ్యొద్దు."

అత్తమ్మ నా వంక చూసింది. నేను తెర వంక చూశాను. నా కవరు అప్పటికి ఊరి పొలిమేర దాటి ఉంటుంది.

తెర మీద రోగి ఏదో చలిదేశంలో చేపలు పట్టుకునే మనిషి. గుబురు మీసాలు. ఖాలా ఆయనకు అప్పుడే మీసాలాయన అని పేరు పెట్టింది. డాక్టరు కత్తి పట్టుకోగానే అత్తమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకొని, "అయిపోయిందా? అయిపోయిందా?" అని అడగడం మొదలుపెట్టింది. ఖాలా దుపట్టా తల మీదికి లాక్కొని, చేతులెత్తి దువా చేస్తోంది. మధ్యలో నర్సు మీద కోపం వచ్చినప్పుడు దువా ఆపి, "అరే, డాక్టర్ సాబ్ చెయ్యి చాపితే జల్ది ఇయ్యాలె కదా!" అని మళ్లీ అందుకుంటోంది. తెర మీద రోగి భార్యను చూపించారు. ఆమె వరండాలో కూర్చొని కాఫీ తాగుతోంది. అత్తమ్మ కొంగు తీసింది. "సూడు, సూడు! లోపల మొగడు గట్లుంటే ఇది కాఫీ తాగవట్టె. దీనికి గొంతుల ఎట్ల దిగుతుందమ్మా?"

మామ మాత్రం ఒక చెయ్యి తన ఛాతీ మీద వేసుకొని చూస్తున్నాడు. కొత్త కవాటం కుట్టడం అయింది, ఆపిన గుండెను ఇక మళ్లీ నడిపించాలి అని తెలుగు వ్యాఖ్యాత గొంతు చెప్పినప్పుడే నోరు తెరిచాడు. "ఆపుడు సరే. మా బోరు మోటరే ఆపినంక ఒక్కోపారి లేస్తలేదు. స్టార్టర్ నొక్కంగ నొక్కంగ లేస్తది. గుండెకు స్టార్టర్ ఏడుంటది?"

కరెంటు పోయింది అప్పుడే.

మసకలో మామ గొంతు వినిపించింది. "సూసినవా? కరెంట్ పోయింది. నన్ను పండవెట్టినప్పుడు దవఖానల గిట్లనే పోతె?"

"దవఖానల జనరేటర్ ఉంటది మామా."

"ఉంటది. డీజిల్ ఉండొద్దా?"

అరగంట చూశాం. రాలేదు. వచ్చినా కార్యక్రమం అయిపోయి ఉంటుంది. మామ లేచాడు. "నువ్వు పేపరోనివి గద. మీ ఆఫీసుల అడుగు. బతికిండా, లేదా. గా ఒక్క ముచ్చట చెప్పు, చాలు."

ఎస్టీడీ బూత్‌కు వెళ్లి డెస్కు సార్‌కు ఫోను చేశాను. "సార్, ఆ టీవీ ఆపరేషన్ ఏమైంది?"

"నేనేడ జూసిన? పేజీలు పెట్టుకుంట కూసున్న. నీ కవరుల ఏం రాసినవ్?"

"బతికిండని రాసిన సార్."

"మరి ఇంకేంది? బతికినట్టే. పెట్టు ఫోన్." పెట్టేశాడు.

చూడకుండా రాశాను, ఆపండి సార్ అని మళ్లీ ఫోను చేయవచ్చు. చేయలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. ఆ వార్త ఆగితే మామ మళ్లీ నాట్లయినంక అంటాడన్న భయం ఇంకొకటి. ఏది ఎక్కువ అని ఇప్పుడడిగితే రెండోది అంటాను. (ఆ రోజు అడిగి ఉంటే మొదటిది అనేవాణ్నేమో.) ఇంటికి వచ్చి, "బతికిండంట మామా" అన్నాను.

మర్నాడు పత్రికలో వచ్చింది. "గుండె మళ్లీ కొట్టుకుంది... మెదక్ చప్పట్లు కొట్టింది." మామ అరుగు మీద కూర్చొని అక్షరం అక్షరం చదివి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"మనమెప్పుడు చప్పట్లు కొడితిమి అల్లుడా?"

"మనం గాదు మామా... జనరేటర్ ఉన్నోళ్ల ఇండ్లల్ల కొట్టిండ్రు."

"గట్లనా. కరెంటుంటె మనం గూడ కొడుతుంటిమి." తరవాత అత్తమ్మను కేకేసి కత్తెర తెప్పించి, ఆ ముక్కను జాగ్రత్తగా కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పేపర్ల వడ్డంక అబద్ధమెట్లయితది? సిటీకి పోదాం."

వాళ్లతో నేనూ వెళ్లాను. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు నర్సు చొక్కా విప్పమంటే, మామ జేబులోంచి ఆ కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "పైలం, పోగొట్టకు" అన్నాడు. తలుపులు మూసుకున్నాయి. అబద్ధాలు అంతకుముందూ రాశాను గానీ, రాసినదాన్ని అన్ని గంటల పాటు గుప్పిట్లో పట్టుకొని కూర్చోవడం అదే మొదటిసారి. చెమటకు అక్షరాలు నా వేళ్లకు అంటుకున్నాయి.

మధ్యాహ్నం దాటాక ఎవరో కాఫీ తెచ్చి ఇచ్చారు. అత్తమ్మ గ్లాసు అందుకొని, రెండు గుక్కలు తాగి ఆగింది. "పాపం, ఆమెను ఉత్తగనే అంటిని" అంది. "దిగుతుంది బిడ్డా. ఎట్ల దిగుతుందో ఏమో, దిగుతనే ఉంది."

ఇక నావల్ల కాలేదు. గుప్పిట విప్పి చెప్పేశాను. కార్యక్రమం మొదలుకాకముందే రాశాననీ, ఆ మీసాలాయన సంగతి నాకేమీ తెలియదనీ.

అత్తమ్మ తలెత్తలేదు. "నాకెర్కనే. ఫోన్ చేసి వచ్చినప్పుడు నీ మొకం జూసిన గద."

"మరి మామకు చెప్పలేదేం?"

"చెప్తె వస్తుండెనా?" మిగిలిన కాఫీ నా చేతికిచ్చింది. "తాగు. నువ్వు గూడ పొద్దటిసంది ఏం తాగలే."

సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి అంతా బాగానే ఉందన్నాడు. అత్తమ్మ ఆ వరండాలోనే గోడకు చేరగిలబడి ఏడ్చింది. నేను రాసిన గృహిణి కంటతడి ఆ ఏడుపు ముందు ఎంత చప్పగా ఉందో అప్పుడు తెలిసింది. మర్నాడు మాట వచ్చాక మామ అడిగిన మొదటి ప్రశ్న: "నడిమిట్ల కరెంట్ పోలేదు గద?"

ఆ తరవాత నేను సభకు వెళ్లకుండా సభ రాయలేదు. (రాయలేదనే అనుకుంటున్నాను. రెండు మూడు ఉంటే ఉండవచ్చు.) మామకు ఇప్పుడు బాగా వయసైంది. ఇప్పటికీ ప్రతి శివరాత్రికీ ఏడుపాయల జాతరకు వెళ్లి దుర్గమ్మ దగ్గర రెండు కొబ్బరికాయలు కొట్టిస్తాడు. ఒకటి తన పేరు మీద, ఒకటి మీసాలాయన పేరు మీద. "గాయన బతికిండు గన్కనే నేను వోయిన" అంటాడు. అత్తమ్మ నన్ను చూసి తల తిప్పుకుంటుంది. ఆ డాక్యుమెంటరీ కోసం ఫోనులో నేను ఎన్నోసార్లు వెతికాను. గుండెలు చాలా కనిపించాయి, మీసాలూ కనిపించాయి, ఆ మనిషి మాత్రం కనిపించలేదు. మొన్న శివరాత్రికి మామ చేతులు వణుకుతున్నాయని రెండో కాయ నాకిచ్చాడు. ఇరవై రెండేళ్ల ఆ విలేకరి బస్టాండుకు పరుగెత్తడం గుర్తొచ్చి నవ్వుకుంటూ కొట్టాను. కాయ నిండుగా, తెల్లగా పగిలింది. మామ చప్పట్లు కొట్టాడు. ఆ చలిదేశపు మనిషి గుండె ఆ సాయంత్రం మళ్లీ కొట్టుకుందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.