పసుపు దరువు, సున్నం దరువు

డుబ్ చిక్, డుబ్ డుబ్ చిక్. జహీరాబాద్ కూరగాయల బజారు వెనక సందులో పొద్దున్నే ఆ చప్పుడు మొదలయ్యేది. డోలు కొట్టేవాడు ఎంత మొనగాడైనా ఎక్కడో ఒకచోట చెయ్యి మార్చుకుంటాడు, చెమట తుడుచుకుంటాడు. ఆ చిన్న ఖాళీలోంచి మనిషి కనిపిస్తాడు. ఈ చప్పుడులో ఖాళీ లేదు. వాన కురుస్తున్నట్టే ఉండేది గాని నేల తడిసేది కాదు.

కాసేపటికి తలుపు తీసుకుని, తువ్వాలులో చుట్టిన పెట్టెను పసిబిడ్డలా చంకనెత్తుకుని సిద్దప్ప బయటికి వచ్చేవాడు.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో అతను భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు, లగ్గాలకు బ్యాండు కట్టేవాడు. బహ్రెయిన్‌లో పని చేసి వచ్చిన బావమరిది ఎనభై ఒకటిలో ఈ పెట్టెను తెచ్చిచ్చాడు. సెల్లులతో మోగేదే అయినా ఊరు దానికి కరెంటు బాజా అని పేరు పెట్టింది. కుడివైపు హార్మోనియంలాంటి మెట్లు, ఎడమవైపు వరసగా మీటలు. మీట నొక్కితే దరువు దానంతట అదే మోగుతుంది. ఏ మీట కింద ఏముందో ఇంగ్లిషులో రాసి ఉంది. సిద్దప్పకు ఇంగ్లిషు రాదు.

మొదటి పిలుపు లగ్గానిదైతే కథ ఇంకోలా ఉండేది. వచ్చింది చావు పిలుపు. పోయిన పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పూలమాలలు వేసి ఊరేగిస్తున్నారు. సిద్దప్ప కంగారులో చేతికి అందిన మొదటి మీట నొక్కాడు. మెల్లగా, మూడడుగులకోసారి ఊగే దరువు వచ్చింది. మోసేవాళ్ల కాళ్లు దానికి సరిగ్గా కుదిరాయి. ఇంటికి రాగానే భార్య హనుమమ్మ తాంబూలం డబ్బాలోంచి వేలితో సున్నం తీసి ఆ మీటకు బొట్టు పెట్టాడు. ఆ వారంలోనే లగ్గంలో మోగిన మీటకు పసుపు, గుడి ముందు మోగినదానికి కుంకుమ.

"ఇగ లెక్క కుదిరింది" అన్నాడు భార్యతో. "యాడిది ఆడనే మోగాలె. కలిపితే ఖరాబైతది."

"నా సున్నం డబ్బలకెల్లి తీస్కుంటున్నవ్, జర అడిగి తీస్కో" అంది హనుమమ్మ.

అడ్డు చెప్పినవాడు ఒక్క నర్సింలే. బ్యాండులో తాషా కొడతాడు. కరెంటు బాజా వచ్చాక సగం పని పోయింది కాబట్టి నోటికి తీరిక దొరికింది. "సిద్దన్నా, దరువుకు ఏం ఎరుక, ఎవరి ఇంట్ల ఏమైతుందో? దరువు దరువే."

"అట్లయితే అన్నంల చెప్పులు పెట్టుకొని తిను. అదీ వస్తువే, ఇదీ వస్తువే."

ఒకసారి కోహీర్ లగ్గంలో, కొత్తగా నౌకరీ దొరికిన పెళ్లికొడుకు దోస్తు ఒకడు వంగి సున్నం మీట మీది అక్షరాలు చదివాడు. "కాకా, ఇది విలాయతోళ్ల ఆట. ఆడ మొగుడు పెండ్లాలు నడుము పట్టుకుని తిరుగుతరు. ఇదే వెయ్యి."

"ఆడ ఏమన్న చేస్కోనీ. ఈడ ఇది పోయినోళ్లది" అన్నాడు సిద్దప్ప.

ఆ పెనుగులాటలో ఎవరి మోచెయ్యో తగిలి సున్నం దరువు ఒక్క క్షణం మోగింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. పెళ్లికూతురి మేనత్త ఊరుకోలేదు, వధూవరుల కాళ్లు మళ్లీ పసుపునీళ్లతో కడిగించింది. సిద్దప్ప చేతులు కట్టుకుని తప్పు ఒప్పుకున్నాడు గాని, లోపల మాత్రం నెమలి పురి విప్పింది. తన వేలితో పెట్టిన బొట్టుకు ఊరు కాళ్లు కడుక్కుంటోంది. ఇంతకన్నా ఏ విద్వాంసుడికి ఏం దక్కింది?

తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం అతను గుడ్డతో పెట్టె తుడుస్తున్నాడు. బొటనవేలు ఒక మీట మీద, చిటికెనవేలు ఇంకో మీట మీద ఒకేసారి పడ్డాయి. పసుపూ సున్నమూ కలిసి మోగాయి.

ఒకటి ఉరుకుతోంది, ఒకటి ఊగుతోంది. ఉరికేది ఊగేదాని కోసం ఆగి, మళ్లీ చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది. అటువంటి దరువు అతను పుట్టి విన్నది కాదు. పొయ్యి దగ్గర హనుమమ్మ జొన్నరొట్టె కొడుతోంది. ఆమె అరచేతులు తమకు తెలియకుండానే ఆ వరసలోకి వెళ్లిపోయాయి. రొట్టె చందమామలా పెరుగుతూ పోయింది.

"ఇదేం దరువయ్యా? ఏడుపొస్తలేదు, నవ్వొస్తలేదు" అంది. "గని ఆపకు."

ఆ రోజు నుంచి సిద్దప్పకు ఒకటే కోరిక. ఆ దరువును నలుగురి ముందు, ఒక్కసారైనా మోగించాలి. అన్నం తింటున్నా వేళ్లు కంచం అంచు మీద అదే కొట్టేవి. కానీ దాన్ని మోగించడానికి చోటు ఏది? లగ్గంలో వేస్తే సున్నం. చావులో వేస్తే పసుపు. భజన మండలి పెద్ద మల్లప్ప పటేల్ దగ్గరికి వెళ్లి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"పటేలా, ఒక కొత్త దరువు దొరికింది. భజనల ఒక్కపారి వినిపిస్త."

"ఏ రంగు?"

"పసుపు, సున్నం. రెండు కలిపి."

మల్లప్ప వక్క కొరికి తాపీగా అన్నాడు: "రెండు ఒక్కపారి యాడ మోగుతయ్‌రా? లగ్గం పందిట్ల పీనుగ లేస్తెనా? కలిపితే ఖరాబైతదని బజార్ల డప్పు కొట్టి చెప్పినోనివి నువ్వే గదా."

సిద్దప్పకు తన మాటే ఎదుటివాడి నోట్లోంచి వస్తే ఎంత బలంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"నువ్వే పెట్టినవ్, నువ్వే తుడువు" అన్నాడు నర్సింలు నవ్వు దాచుకోకుండా. సిద్దప్ప తడిగుడ్డతో బొట్లన్నీ తుడిచేశాడు. మీటలు మళ్లీ తెల్లగా, అమాయకంగా మెరిశాయి. లాభం లేకపోయింది. జనం బొట్లను కళ్లతో చూడటం ఎప్పుడో మానేశారు, చెవులతో చూస్తున్నారు. సున్నం దరువు ఇంట్లో సాధన చేసినా పక్కింటి ముసలమ్మ నాగవ్వ కిటికీలోంచి అడిగేది: "ఎవరు పోయిన్రు బిడ్డా?"

రెండేళ్లు గడిచాయి. మొగుడంపల్లి దిక్కున ఒక ఊరికి కొత్తగా రోడ్డు పడింది. మొదటి బస్సు వస్తోంది, బ్యాండు కావాలని సర్పంచ్ మనిషిని పంపాడు. సిద్దప్ప ఆ రాత్రంతా నవ్వుతూనే పడుకున్నాడు. బస్సు లగ్గం కాదు. చావు కాదు. దేవుడు అసలే కాదు.

ఊరి బయట బస్సు ఆగింది. ముందు అద్దానికి మామిడాకులు, బంతిపూలు. పూజారి కొబ్బరికాయ కొట్టి, "కుంకుమది వెయ్యి, పూజ అయింది గదా" అన్నాడు. బస్సు పైకెక్కిన పడుచువాళ్లు, "పసుపు, పసుపు! ఆడాలె" అని అరిచారు. ఒక ముసలాయన బస్సు చక్రం మీద చెయ్యేసి కళ్లు తుడుచుకున్నాడు. "ఇగ మా పోరగాళ్లు ఊర్ల ఉంటరా? సున్నందే వెయ్యి నాయనా."

సిద్దప్ప బొటనవేలూ చిటికెనవేలూ చాపి రెండు మీటలూ నొక్కాడు.

ఎవరి పాదం మొదట కదిలిందో తెలియదు. నవ్వాలనుకున్నవాళ్లు నవ్వారు, ఏడ్వాలనుకున్నవాళ్లు ఏడ్చారు, అందరూ ఒకే అడుగు వేశారు. డ్రైవరు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ బస్సును మనుషుల వెనక మనిషిలా నడిపించాడు. నర్సింలు తాషా ఎత్తి ఖాళీలు నింపాడు. సిద్దప్పకు ఎదురుగా ఏమీ కనిపించలేదు, కళ్లు నిండిపోయాయి.

ఆపగానే సర్పంచ్ భుజం చరిచి గట్టిగా అన్నాడు: "శభాష్! బస్సు దరువంటే గిట్లుండాలె!"

డ్రైవరు కిందికి దిగి, వేలికంటిన గ్రీజుతో ఆ రెండు మీటల నడుమ నల్లటి బొట్టు పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. సిద్దప్ప కూడా కొట్టాడు. ఏం జరిగిందో అతనికి నెల తర్వాతగాని అర్థం కాలేదు.

ఝరాసంగంలో ఒక తొట్టెల ఫంక్షనుకు పోయి ధైర్యంగా అదే దరువు వేశాడు. భోజనాల దగ్గర సగంమంది లేచి సంచులు అందుకున్నారు. "బస్సొచ్చిందా?" అంటూ ఒకాయన చెయ్యి కడగకుండానే రోడ్డు మీదికి ఉరికాడు. బిడ్డ తండ్రి వచ్చి దండం పెట్టాడు: "కాకా, మా చుట్టాలను పంపియ్యకు."

మల్లప్ప పటేల్ తీర్పు బజారంతా తిరిగింది: "ఇప్పుడు సరిగ్గున్నది. దానికీ ఒక జాగ దొరికింది."

తమాషా ఏమిటంటే, తర్వాతి ఏడాది చాయ్ హోటల్ ముందు నర్సింలు ఊరికే కూర్చుని తాషా మీద ఆ దరువు ఎత్తుకుంటే, సిద్దప్పే అటుగా పోతూ ఆగి కసిరాడు: "అరె, బస్సు లేంది ఎట్ల కొడ్తవ్‌రా? ఒక పద్ధతి ఉండొద్దా?"

నర్సింలు చేతులు ఆపి అతనివైపు చూశాడు. సిద్దప్ప తల దించుకుని ఇంటికి నడిచాడు.

అప్పటికి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ బస్సులు వచ్చేశాయి, ఆ దరువుకు పిలుపులు ఆగిపోయాయి. అతని దరువుల కథ రాసుకోవడానికి పట్నం నుంచి వచ్చిన మనిషిని సందు చివరిదాకా సాగనంపి, సిద్దప్ప గొంతు తగ్గించి చివరి మాటగా అన్నాడు:

"సారూ, మీరు పోయేది డిపో దిక్కే గదా. కొత్త బస్సు ఎప్పుడేస్తరో జర అడిగి చెప్పున్రి."