రెండో తుపాకీ

మా మేనమామ మాట మీద నిలబడే మనిషి కాదని అభియోగం. పోయిన వారం పెనుకొండలో ఆయన కన్నుమూసిన ఉదయం, పాడె ఇంకా కట్టకముందే, పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి అరుగు మీద కూర్చుని అన్న మాట అది. పక్కవారు తల ఊపారు. జవాబు చెప్పబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. ఈ పత్రికలో నా చెయ్యి పట్టుకునేవారు లేరు కనుక ఆ జవాబు ఇక్కడ చెబుతున్నాను.

అభియోగంలో సగం ఒప్పుకుంటాను. ఆయన మాట మార్చేవారు. హిందూపురం సంతలో బెల్లం కొనడానికి ఆయన వెంట పోయినవారికి ఆ సంగతి తెలుసు. ఒక అచ్చు నుంచి చిటికెడు నోట్లో వేసుకుని "ఇది బాగుండాది" అనేవారు. నీళ్ళు పుక్కిలించి మరో అచ్చు రుచి చూసి "కాదు, ఇది" అనేవారు. మళ్ళీ పుక్కిలించి మొదటిదానికి వచ్చేవారు. ఒకసారి అంగడాయన ఉండబట్టలేక, "ఏమప్పా, బెల్లం కొంటాండావా, ఈడే ఫలారం చేస్తాండావా?" అన్నాడు. మామ నొచ్చుకోలేదు. "మొదట తిన్నదే తీపనిపిస్తాదప్పా. దాన్ని నమ్మగూడదు" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా అత్త, "నన్ను జూసినాక ఇంగో సంబంధం జూసొచ్చినాడు ఈయన. మల్లా నా కాడికే వచ్చినాడు" అని నవ్వేది.

యుద్ధపు రోజుల్లో, సైన్యంలో జమేదారుగా పనిచేసి వచ్చిన మామ, పెనుకొండ కొండ కింది గురి మైదానంలో కొత్త పోలీసులకు తుపాకీ కాల్చడం నేర్పేవారు. ఆ జట్టులో ధర్మవరం నేతగాడు ఒకడుండేవాడు. పట్టు దొరకక మగ్గం ఆగిపోతే, తల్లినీ భార్యనూ పోషించుకోవడానికి ఉద్యోగంలో చేరాడు. అతడు కాల్చిన ప్రతి గుండూ బోర్డులో ఎడమ అంచుకే పోయేది. మామ చూసి తేల్చేశారు: "అది మగ్గం చెయ్యి. ఏండ్లకొద్దీ తాడు గుంజిన చెయ్యి, ట్రిగ్గర్నీ అట్లే గుంజుతాంది." మగ్గాల చప్పుడు మధ్య పుట్టిన మాకందరికీ అది ఎంతో సబబుగా తోచింది. ఆ మాట మీదే అధికారి నేతగాణ్ణి ఇంటికి పంపించేయాలని నిశ్చయించారు.

ఆ సాయంత్రం అతడు మామకు చెప్పి పోదామని వచ్చాడు. సెలవులకు వచ్చిన నేనూ ఇంట్లోనే ఉన్నాను. అత్త పట్టుచీర అంచు మేకుకు తగులుకుని పోగు తెగింది. "ఏమబ్బా, నువ్వు నేతపని చేసేవోడివే కదా, దీన్ని రోంత జూడు" అంది అత్త. అతడు అరుగు మీద కూర్చుని ఆ సన్నని పోగును వేళ్ళ మధ్య పురిపెట్టి కలిపాడు. మామ కాఫీ తాగడం మానేసి ఆ వేళ్ళనే చూశారు. అవి అణువంతైనా అదరలేదు.

"రేపు పొద్దున్నే మైదానం కాడికి రా. ఊరికి పోయేది తర్వాత చూద్దాం" అన్నారు.

మరునాడు గాలి లేవకముందే అక్కడికి చేరాం. ఇసుక సంచుల మీద రెండు తుపాకులు పడుకోబెట్టి ఉన్నాయి. ఒకే తయారీ, ఒకే బరువు, ఒకే రంగు కర్ర. ఒకటి నేతగాడిది. రెండోది జట్టులో అందరికన్నా గురి కుదిరిన గుడిబండ యువకుడిది. మామ వాటిని చేతులు మార్పించారు. నేతగాడి గుండ్లు బోర్డు నడుమ గుంపుగా దిగాయి. గుడిబండ అతడివి ఎడమ అంచుకు పోయాయి. తర్వాత మామ స్వయంగా పడుకుని రెండింటినీ కాల్చారు. ఆయన చేతిలోనూ ఆ మొదటి తుపాకీ ఎడమకే కొట్టింది. గొట్టం చివరనున్న గురి ముక్క, కంటికి ఆననంతగా, కుడికి ఒరిగి ఉంది; దాన్ని నడుమకు సరిచూసినప్పుడల్లా గొట్టం ఎడమకు తిరిగేది.

ఆయన లేచి ఇసుక దులుపుకుని, అధికారి ముందు, జట్టంతా వింటుండగా అన్నారు: "నిన్న నేను చెప్పింది తప్పు. ఈయప్ప చేతిలో దోషం లేదు."

వెనక నుంచి ఎవరో, "నిన్న ఒగ మాట, ఈ పొద్దు ఒగ మాటనా జమేదారా?" అని ఎత్తిపొడిచారు.

"నిన్న ఒగ తుపాకీని జూసి మాట్లాడితిని. ఈ పొద్దు రెండూ జూసినా" అన్నారు మామ.

ఉద్యోగం నిలిచింది. జట్టులో మాత్రం ఆయనకు 'రెండు మాటల జమేదారు' అని పేరుపడింది. ఆ పేరే నడిచి నడిచి పోయిన వారం అరుగు దాకా వచ్చింది. పరువంతా గురి మీదే ఆధారపడిన మనిషి తన పొరపాటును నలుగురిలో చెప్పుకోవడానికి ఎంత నిబ్బరం కావాలో, వేదికలెక్కి అరిచే నాకు తెలుసు. అంతటి పని నేనింకా చేయలేదు. వాదానికి ముందు ఎదుటి పక్షాన్ని నా నోటితో ఒకసారి వాదించి చూసుకునే అలవాటు మాత్రం ఆయన నుంచే వచ్చింది.

అంత్యక్రియలకు నేతగాడు ధర్మవరం నుంచి వచ్చాడు. యూనిఫారంలోనే ఉన్నాడు. మామ భుజం మీది ఉత్తరీయం జారితే వంగి సరిచేశాడు. దాని అంచున లేచిన పోగును ఆ వేళ్ళతోనే పురిపెట్టాడు.

మాట మార్చకపోవడమే మగతనమని, నిలకడ అని సభల్లో చప్పట్లు కొట్టే మిత్రులారా, నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. వచ్చే వాదానికి రండి. వచ్చేముందు ఎదుటివాడి తుపాకీని ఒక్కసారి మీ భుజానికి ఆనించుకుని కాల్చి చూడండి. గుండు ఎక్కడ పడిందో దాచకుండా చెప్పండి.