ఆ వాల్వులో గాలి కొట్టకూడదు

మా పాత చిన్న కారుకు స్ప్రింగులు లేవు. వాటి బదులు చక్రాల దగ్గర రబ్బరు బుడ్లు, వాటిలో నీళ్లలాంటి ద్రవం, అంతే. అది కారితే కారు ఒక పక్కకు కుంగుతుంది. మార్కాపురంలో ఏ మెకానిక్‌ను అడిగినా ఒకటే మాట: "స్ప్రింగులు ఏసేద్దాం అన్నా." వద్దని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

మొన్న గిద్దలూరు రోడ్డులో టైర్లలో గాలి చూడమని పంచర్ దుకాణాయనకు చెప్పి, నేనూ నా భార్యా టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి, పొద్దున ఎడమవైపు కుంగిన కారు నిటారుగా నిలబడి ఉంది.

"కిందున్న వాల్వులో గాలంతా పోయిందన్నా. నింపినా," అన్నాడు గర్వంగా.

ద్రవం నింపే వాల్వు అచ్చం ట్యూబు వాల్వులాగే ఉంటుంది, నా ఖర్మ! టైర్లలో అని తెలుగులోనే కదా చెప్పాను?

ఆ గాలి తీసి, చేతిపంపుతో ద్రవం ఎక్కించి, రెండు వైపులా ఎత్తు టేపుతో కొలిచేసరికి రెండు ఆదివారాలు పోయాయి. చేతులు పడిపోయాయి. మూడో ఆదివారం నా భార్యను ఎక్కించుకుని కొనకనమిట్ల దాకా గుంతలన్నీ దాటించి, "ఎట్లుంది?" అని అడిగాను.

"నిజం చెప్పమంటారా? ఆయన గాలి కొట్టిన రోజే మెత్తగా వచ్చినాం."