ఎంజైమ్ మాస్టారు

కాలేజీలో ఆయన్ని అందరూ ఎంజైమ్ మాస్టారంటారు. పొట్ట మీద బిగిసిన తెల్లకోటు, జేబులో మూడు కలాలు. వాటిలో రాసేది ఒక్కటే. ఎవరు పలకరించినా గొంతు సవరించుకుని, నరాల కణాల్లో ఒక కొవ్వు అణువు నుంచి ఫాస్ఫేట్‌ను తెంచే తన ఎంజైమ్ గురించి మొదలుపెడతాడు. అది మొరాయిస్తే నడివయసు రాకముందే మనిషికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయట. ఇరవై ఏళ్లుగా ఎలుకల్లో దాన్ని కొలుస్తున్నాడు. ఎలుక మీసం వణికినా తనకు తెలిసిపోతుందని గొప్పలు పోతాడు. ఆ ల్యాబులో గాజుసామాను కడిగేది ఆయన బావమరిదే. ముప్పై ఐదేళ్లవాడు. ఏడాదిగా అతని చేతిలోంచి బీకర్లు జారిపోతున్నాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పావుగంట పడుతోంది. "నీ తమ్ముడికి ఒళ్లు వంగదు," అని మాస్టారు ఇంట్లో భార్యను దెప్పుతాడు.

మొన్న కొత్త విద్యార్థులకు తెర మీద ఒక రోగి వీడియో చూపించాడు. రోగి కుడిచెయ్యి ఊపకుండా, పాదాలు నేలకు రాస్తూ, చిన్న చిన్న అడుగులు వేస్తున్నాడు. "తెలిసినవాడు ఈ నడకని గుమ్మంలోనే పట్టేస్తాడు," అన్నాడు మాస్టారు. అప్పుడే బావమరిది మంచినీళ్లు తెచ్చాడు. ఎడమచేతిలో గ్లాసు, ఒంటికి అతుక్కుపోయిన కుడిచెయ్యి, నేలకు రాసుకుంటున్న పాదాలు. విద్యార్థులు తెరనొకసారి, అతన్నొకసారి చూశారు. "సగం ఒలకబోశావు కదరా!" అన్నాడు మాస్టారు. "చెయ్యి మాట వినట్లేదు బావా," అన్నాడతను. ముందు బెంచీలో అమ్మాయి లేచి, "సార్, ఈయన కూడా..." అంది.

"వాడి సంగతి వదిలెయ్యమ్మా, వాడికి బద్ధకం. మీరు తెర వైపు చూడండి."