పొడవాటి ఇంట్లో పొగ

ఈ ఏడాది జనవరి 24, శనివారం, సాయంత్రం నాలుగుంపావు. సౌదీలోని అల్ ఖోబర్‌లో మా అమ్మాయి ఇల్లు. ఇక్కడ ఆదివారం నుంచే బడి. మర్నాడు బడిలో ఇవ్వాల్సిన నమూనాను నేనూ, ఏడో తరగతి చదివే మనవరాలు హాసినీ అప్పుడే పూర్తి చేశాం. ఉత్తర అమెరికాలోని ఇరోక్వోయన్ ప్రజలు పూర్వం కట్టుకున్న పొడవాటి ఇల్లు అది. తల్లివైపు చుట్టాలంతా ఒకే కప్పు కింద ఉండేవారట. బల్ల మీద తడిమట్టి పరిచి, అందులో చీపురుపుల్లలు గుచ్చి, పైన ఖర్జూరపు పీచు కప్పి, నడుమ చిన్న రాళ్లతో పొయ్యిలు పెట్టాం.

"పొయ్యిలోంచి పొగ వస్తే ఎంత బావుండునో అమ్మమ్మా!" అంది హాసిని. అది అడిగితే నేను కాదనలేను. బుఖూర్ ధూపం ముక్క వెలిగించి పొయ్యిలో పెట్టాను. పీచు భగ్గుమంది. వంటింట్లోంచి జగ్గుడు నీళ్లు తెచ్చి కుమ్మరించేసరికి పుల్లలన్నీ మాడిపోయాయి.

"నేను పొగ అడిగితే నువ్వు లంకాదహనం చేశావేంటి!" అని అది ఏడుపందుకుంది.

"అమ్మా, దానికంటే నువ్వే చిన్నపిల్లవి," అని మా అమ్మాయి విసుక్కుంది.

బూడిద ఎత్తబోయాను. హాసిని ఠక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు, తుడవకు!"

మట్టిలో రెండు వరసల నల్లటి చుక్కలు, వాటి నడుమ పొయ్యిల రాళ్లు.

"తవ్వకాల్లో దొరికేది ఇంతే అమ్మమ్మా. గుంజలు పాతిన చోట మచ్చలు చూసే ఇల్లు ఎంత పొడవుండేదో చెప్తారు."

అట్టముక్క మీద 'అయిదు వందల ఏళ్ల తర్వాత' అని రాసి పక్కన నిలబెట్టింది. తన కళ్లు తుడుచుకుని, నా కళ్లూ తుడిచింది.

డెబ్బై రెండేళ్ల నన్ను పన్నెండేళ్ల పిల్ల ఓదార్చిన సాయంత్రం అది. పోయినవి: ఇల్లు ఒకటి, కొత్త చీపురు ఒకటి, బల్ల మీది గుడ్డ ఒకటి.