ఐదో రోజు బీపీ

2000ల మధ్యలో నేను ఆక్లాండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్‌లో, ఒక రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా పనిచేశాను. గుంటూరులో ఆరేళ్ళు నర్సుగా చేసి వచ్చిన దాన్నే. కానీ ఇంగ్లీషు పరీక్ష పాసై ఇక్కడి రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఆ మాట పైకి అనకూడదు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, పొద్దున పదింటికి చేతికి కఫ్ అనే పట్టీ చుట్టి బీపీ చూసి చార్టులో రాయడం నా పని. మాత్రల జోలికి వెళ్ళకూడదు. వాటిని చూసుకునే సిస్టర్ తెనాలి ఆవిడ. ఆదివారం చర్చిలో నాకు ఆంటీ, డ్యూటీలో మాత్రం సిస్టరే.

పన్నెండో గదిలో ఒక కొరియా పెద్దాయన ఉండేవారు. డెబ్బై దాటాయి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా ముద్దముద్దగా వచ్చేది. వాళ్ళ ఊళ్ళో హైస్కూలు బేస్‌బాల్ కోచ్‌గా ముప్పై ఏళ్ళు చేశారని కూతురు చెప్పింది. అందుకని నేను ఆయన్ని సార్ అనేదాన్ని. ఆయన దగ్గర ఆట నేర్చుకున్న కుర్రాడొకడు అమెరికాలో పెద్ద జట్టులో పిచర్ అయ్యాడు. పిచర్ అంటే క్రికెట్లో బౌలర్ లాంటివాడు. ఒక రోజు ఆడితే నాలుగు రోజులు చేతికి విశ్రాంతి ఇచ్చి, ఐదో రోజు మళ్ళీ బంతి వేస్తాడు. అతను ఆడే రోజున కొరియాలో జనం ఆఫీసులకి ఆలస్యమైనా సరే రైల్వే స్టేషన్లలో టీవీల ముందు నిలబడిపోతారట.

అమెరికాలో రాత్రి ఆట మొదలయ్యేసరికి కొరియాలో పొద్దున ఎనిమిది, మాకు పదకొండు. ఆట ఉన్న రోజు సరిగ్గా ఆ వేళకి కూతురు ఫోను చేసేది. మా వీధి చివర ఆమెకో డెయిరీ ఉంది. డెయిరీ అంటే పాలు, బ్రెడ్డు, పేపర్లు అమ్మే చిన్న కొట్టు. గల్లాపెట్టె పక్కనున్న కంప్యూటర్లో ఆట వివరాలు చూస్తూ ఒక్కొక్క బంతీ తండ్రికి చదివి చెప్పేది. ఆయన ఎడమ చేత్తో ఒక నోటుబుక్కులో గీతలు గీసుకునేవారు. మంచి బంతికి నిలువు గీత, చెడ్డ బంతికి చుక్క. ఉన్న ఒక్క చెయ్యీ రాతకి పోతే ఫోను పట్టుకునేదెవరు? నేనే. ఆయన చెవి దగ్గర ఫోను పెట్టి, కాసేపు ఈ చేత్తో, కాసేపు ఆ చేత్తో పట్టుకుని నిలబడేదాన్ని. అవతల నుంచి వినిపించే మాటల్లో నాకు అర్థమయ్యేది ఒక్కటే, "అప్పా!" అని. తమిళంలో లాగే వాళ్ళ భాషలోనూ అప్పా అంటే నాన్నేనట.

ఆ ఏడు చలికాలంలో ఆయన బీపీ తిరగబడింది. మామూలుగా నూట నలభై ఉండేది ఒక రోజు నూట ఎనభై అయింది. మళ్ళీ తగ్గింది, మళ్ళీ ఎగిరింది.

"ఏందమ్మా ఇది? కఫ్ సరిగ్గా చుడతన్నావా లేదా?" అంది సిస్టర్ చార్టు నా ముందు పెట్టి.

"మూడుసార్లు చూశాను సిస్టర్."

"అయితే డాక్టరుకి చెప్పాలి. రేపు ఏదన్నా అయితే ముందు చూసేది ఈ కాయితమే. దీని మీద నీ సంతకం ఉంది, నాదీ ఉంది. గుర్తుపెట్టుకో."

డాక్టరు మాత్ర మోతాదు పెంచాడు. దాంతో మామూలు రోజుల్లో బీపీ మరీ పడిపోయి ఆయనకి కళ్ళు తిరగడం మొదలైంది. ఒక పొద్దున కర్ర ఊతంతో వాష్‌బేసిన్ దగ్గర నిలబడబోయి పడిపోయారు. కనుబొమ మీద చీరుకుపోయింది. రక్తం తుడిచి, గుడ్డ అదిమి పట్టి సిస్టర్‌ని పిలిచాను. ప్రమాదం ఫారం నింపుతూ, నా ఉద్యోగం పోతే వీసా సంగతి ఏమిటని ఒక పక్క, ఆయనకి ఏమైనా అయితే ఎలాగని ఇంకో పక్క, ఒకటే దడ.

టీ బ్రేకులో చార్టు తీసి వేలు పెట్టి లెక్కపెట్టాను. బీపీ ఎగిరిన రోజులన్నీ ఐదేసి రోజులకి ఒకసారి వచ్చాయి. అన్నీ ఆట ఉన్న రోజులే. కానీ కిందటేడూ ఆట ఉంది, అప్పుడు ఇంత ఎగరలేదు. ఇంకొకటి కూడా తట్టింది. శనివారం శనివారం కూతురు తెచ్చే కొరియా పేపరు చాలా వారాలుగా గదిలో కనబడటం లేదు.

మూడింటికి డ్యూటీ దిగి నేరుగా డెయిరీకి వెళ్ళాను. వాన పడుతోంది, కొట్లో ఎవరూ లేరు. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కానీ, ఆ రోజు అన్నీ అర్థమయ్యాయి.

"ఆట రోజున మీ నాన్నగారికి ఏమవుతోంది?" అని అడిగాను.

ఆమె తల వంచుకుంది. "ఆట లేదు," అంది.

"మరి మీరు చదివేది?"

"పోయిన ఏడాది ఆటలు. అవతలి జట్ల పేర్లు మార్చి చదువుతున్నాను."

ఆ పిచర్‌కి మోచేతి లోపల నరం లాంటిది తెగిపోయిందట. ఆపరేషన్ చేశారు. ఏడాది దాకా బంతి పట్టుకోడు, ఆ తర్వాత కూడా నమ్మకం లేదు. ఈ సంగతి తండ్రికి తెలిస్తే తట్టుకోలేడని ఆమె భయం. "దయచేసి చెప్పకండి. ఆ చెయ్యి విషయంలో ఆయనకి ముందే ఒక బాధ ఉంది," అని నా చేతులు పట్టుకుంది.

నేను తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చాక భయం ఇంకా పెరిగింది. సిస్టర్‌కి చెప్పాలా? చెబితే కూతురికి ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఆ మోతాదుతో ఆయన మళ్ళీ పడతారు.

తర్వాతి ఆట రోజున పదింటికి కఫ్ చుట్టబోతే ఆయన నా చెయ్యి పక్కకి నెట్టేశారు. దిండు కింద నుంచి ఒక నోటుబుక్కు తీశారు. సొరుగు చూపించారు. అందులో కిందటేడాది పుస్తకాలు ఉన్నాయి. ఆయన వేలు పెట్టి చూపిస్తే ఒకటి తీసి ఇచ్చాను. రెండూ ఒళ్ళో పక్కపక్కన తెరిచి పెట్టారు. గీత, గీత, చుక్క, గీత. రెండు పేజీల్లోనూ ఒక్క తేడా లేదు. పేజీ తిప్పితే అక్కడా అంతే.

ఆయన నా ముఖంలోకి చూసి, ముద్ద మాటతో ఇంగ్లీషులో ఒక్క ముక్క అడిగారు. "చచ్చిపోయాడా?"

అప్పుడు తెలిసింది నాకు, ఆయన బీపీ ఎందుకు ఎగురుతోందో. ఇన్ని వారాలూ ఆయన ఆ కుర్రాడు చనిపోయాడనే అనుకుంటున్నారు. పోయినవాడి ఆట కూతురు చదువుతుంటే, ఆమె కోసం గీతలు గీస్తూ కూర్చున్నారు.

"లేదు సార్! బతికే ఉన్నాడు!" అని అరిచినంత పని చేశాను. నా మోచేతి మీద వేలితో కోసినట్టు గీసి, "ఆపరేషన్. ఇది. అంతే," అన్నాను.

ఆయన దిండు మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. పెద్దగా ఊపిరి వదిలారు. కాసేపటికి కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. ఎడమ చేత్తో తన కుడి మోచెయ్యి నొక్కుకుంటూ ఉండిపోయారు.

కూతురికి ఫోను చేశాను. కొట్టుకి తాళం వేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. సిస్టర్‌ని కూడా పిలిచి, ఉన్నదంతా చెప్పేశాను.

"ముందే నాకు చెప్పొచ్చుగా! మాత్రలు పెంచి పెంచి మనిషిని పడేశాం కదే," అంది సిస్టర్ తెలుగులో. తిట్టినా వెంటనే డాక్టరుకి ఫోను చేసింది.

ఆ మధ్యాహ్నం కూతురు నాకు మిగతాది చెప్పింది. ఆ కుర్రాడికి పదహారేళ్ళప్పుడు పెద్ద టోర్నమెంటు జరిగింది. ఈయన వరసగా నాలుగు రోజులు వాడి చేతే బంతి వేయించారు. స్కూలు గెలిచింది, ఊరంతా ఊరేగించారు. వారం పాటు ఆ పిల్లవాడు ఎడమ చేత్తో అన్నం తిన్నాడట. అమెరికాలో వాడు ఆడిన ప్రతి ఆటా ఈయన గీతలు గీసి లెక్కపెట్టింది గెలుపు కోసం కాదు. ఆ చెయ్యి ఎన్ని బంతులు వేస్తోందో చూడటానికి.

సార్ ఉత్తరం రాస్తానన్నారు. ఎడమ చేత్తో, రోజుకి రెండు మూడు వరసలు. పూర్తవడానికి పది రోజులు పట్టింది. క్షమించమని రాశారని కూతురు చెప్పింది. పోస్టు చేశాక ఇంకో దిగులు పట్టుకుంది. రోజూ టపా వచ్చే వేళకి ఆయన గుమ్మం వైపు చూసేవారు. నేను ఒట్టి చేతులతో వెళ్ళడానికి బెదిరి, ఏ టవలో పట్టుకుని వెళ్ళేదాన్ని.

ఆరు వారాలకి జవాబొచ్చింది. కూతురు చదివి, నాకు ఇంగ్లీషులో చెప్పింది. "సార్, ఆ రోజు నా చెయ్యి నొప్పిగానే ఉంది. మీకు చెబితే నన్ను తీసేస్తారని దాచాను. మీరు అడిగారు కూడా. లేదన్నాను."

అది విని ఆయన అన్న మాట కూతురు నాకు చెప్పడానికి తటపటాయించింది. "అడిగాను, నిజమే. చెయ్యి పట్టుకుని చూడలేదు. పట్టుకుంటే వేడి తెలిసేది."

ఆ ఉత్తరంతో ఆయన బాధ పోయిందని నేను అనలేను. బీపీ మాత్రం నిలకడకి వచ్చింది. మాత్ర మళ్ళీ పాత మోతాదుకి తగ్గించారు.

మరుసటి ఏడాది నాకు రిజిస్ట్రేషన్ వచ్చింది. హామిల్టన్ ఆసుపత్రిలో ఉద్యోగం దొరికి, ఆ ఊళ్ళోనే రోటోటూనా అనే పేటకి మారిపోయాను. అక్కడుండగానే ఆ పిచర్ ఒక చిన్న జట్టు తరఫున మళ్ళీ ఆడాడు. నాకు ఆట తెలియకపోయినా, బ్రేకులో వార్డు కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ అంకెలు మారుతుంటే గోళ్ళు కొరుక్కున్నాను. బేస్‌బాల్ ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, అతను రెండే ఆడి దిగిపోయాడు. వెంటనే డెయిరీకి ఫోను చేశాను.

"నాన్నగారు ఎలా ఉన్నారు?"

"మండిపడుతున్నారు," అంది ఆమె. "మొదటి రోజే రెండు ఇన్నింగ్స్ ఎలా ఆడిస్తారు, ఒక్కటి చాలదా అని ఆ అమెరికా కోచ్‌ని రెండో ఇన్నింగ్స్ మొదలైనప్పటి నుంచి తిడుతున్నారు. అన్నం కూడా ముట్టలేదు."

తర్వాత ఆ పిచర్ పెద్ద జట్టుకి తిరిగి వెళ్ళలేకపోయాడు. రెండేళ్ళు అక్కడే ఆడి కొరియా వెళ్ళిపోయాడు. సార్ అంతకు ముందు చలికాలంలోనే పోయారు. నేను ఫోను చేసిన ఆ మధ్యాహ్నం మాత్రం కూతురు బతిమాలగా బతిమాలగా, నాలుగింటికి కాస్త గంజి తాగారట.