సాగిన టేపు కొలిచిన పాట

మెడలో టేపు లేకుండా టేపక్కను చూసినవాళ్లు లేరు. పెళ్లి ఫొటోలో కూడా వేసుకుందని ఆమె భర్త వేళాకోళం. బజారు మొదట్లో, మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె కుట్టుదుకాణం. అందులో ఇద్దరు మనుషులు, రెండు మిషన్లు, ఒకే ఒక్క పాట. పాట అత్తగారిది. కాజాలు కుడుతూ ఆవిడ రోజంతా అదే పాడేది. వాళ్లమ్మ నేర్పిందట.

ఆ గొంతులో గడ్డ ఉందని తేలింది. సోమవారం ఆపరేషను. "మాట ఉంటుందమ్మా, పాట సంగతి మాత్రం చెప్పలేను," అన్నాడు డాక్టరు.

"నా గొంతు పోతే పోనీ, పాట పోకూడదమ్మాయ్," అంది అత్తగారు.

ఫోన్లో రికార్డు చేశారు. కానీ అది విని పాడబోతే టేపక్కతో సహా అందరూ తమకు తెలిసిన స్వరం మీదికే జారిపోతున్నారు. టేపక్క, కోటు కొలతలకు వచ్చిన సంగీతం మాస్టారిని పట్టుకుని, రాసిపెట్టమని ప్రాణం తీసింది. ఆయన సంచిలోంచి కీబోర్డు తీసి నాలుగుసార్లు వాయించి, తల గోక్కున్నాడు.

"మామ్మగారి స్వరం తెల్లమీటకీ నల్లమీటకీ మధ్య పడుతోందమ్మా. కాస్త అపస్వరం."

"అపస్వరమా!" టేపక్కకు ఒళ్లు మండింది. "మా అత్తయ్య సైజు మీ పెట్టెలో లేదని చెప్పండి మాస్టారూ. మీది రెడీమేడ్ దుకాణం!"

అన్నాక ఆమే ఆగిపోయింది. రెడీమేడ్‌లో లేని సైజుకు కొలతలు తీసుకోవడమే కదా తను పదిహేనేళ్లుగా చేస్తున్నది!

ఆ సాయంత్రమే ఇస్త్రీ బల్ల చెక్క మీద రెండు మేకులు కొట్టి సన్నటి ఉక్కు తీగ బిగించింది. మెడలోని టేపు తీసి తీగ కింద పరిచి, కొసలకు పిన్నులు గుచ్చింది. అత్తగారు ఒక్కో స్వరాన్ని పట్టి నిలిపితే, టేపక్క తీగ కింద దారపు కండె జరుపుతూ మీటేది. దగ్గర పడేకొద్దీ రెండు ధ్వనులూ కొట్టుకుని వణికేవి. ఒక్క వెంట్రుకవాసి జరిపితే వణుకు ఆగి, గొంతూ తీగా ఒకటైపోయేవి. "దొరికింది!" అని అరిచి కొలతల పుస్తకంలో రాసుకునేది: ఇరవై ఒక్క అంగుళాల మూడు గీతలు. పంతొమ్మిదీ ఆరు గీతలు. స్వరం ఎంతసేపు నిలవాలో పక్కనే మిషను తొక్కుళ్ల లెక్క. నాలుగు రోజులు అత్తాకోడళ్లిద్దరికీ అన్నం సయించలేదు. కోట్ల వాళ్లు వచ్చి కేకలేసి పోయారు.

శుక్రవారానికి పాట మొత్తం రెండు పేజీల్లో కూర్చుంది. శనివారం నుంచి గొంతు విప్పవద్దని డాక్టరు ఆజ్ఞ.

ఆదివారం పొద్దున్నే మాస్టారు కీబోర్డు కూడా తెచ్చుకుని పరీక్షకు వచ్చాడు. టేపక్క పాత టేపును మళ్లీ మెడలో వేసుకుని, పాటకు గౌరవంగా ఉండాలని చెక్క మీద కొత్త టేపు పరిచింది. మాస్టారు పుస్తకం చూసి తీగ మీద వాయించాడు. అత్తగారు ముఖం ముడుచుకుని పలక మీద రాసింది: "ఇదెవరి ఏడుపు?"

రేపే ఆపరేషను. మళ్లీ పాడించే వీల్లేదు. ఫోన్లో స్వరమేమో కొలిచేంతసేపు నిలవదు. లెక్క తప్పానా, చెవి తప్పానా అనుకుంటూ, చెయ్యి ఊరుకోక టేపక్క పాత టేపును కొత్తదాని పక్కన పరిచింది. పాతది మెడ మీద వేలాడి వేలాడి నడుమ రెండు గీతల మేర సాగిపోయి ఉంది!

"అంటే ఇన్నాళ్లూ నా కోట్లు..." అన్నాడు మాస్టారు, భుజాలు తడుముకుంటూ.

"కొలిచిందీ దీంతోనే, కత్తిరించిందీ దీంతోనే. మీ కోటుకేం ఢోకా లేదు. పాటకూ అంతే!"

పాత టేపు చెక్క మీదికి ఎక్కింది. మాస్టారు మళ్లీ వాయించాడు. మూడో స్వరానికే అత్తగారి కాలు మిషను తొక్కడం మొదలుపెట్టింది. తీగా మిషనూ కలిసి పాట చివరిదాకా పరుగెత్తాయి. టేపక్క నవ్వుతూనే బావురుమంది. మాస్టారు కీబోర్డును సంచిలో పెట్టేసి, ఇంకోసారి వాయించనా అని అడిగాడు.

ఆపరేషనైన నెలకు అత్తగారు దుకాణానికి వచ్చింది. గొంతులోంచి ఇంకా గుసగుస తప్ప ఏమీ రావడంలేదు. తిన్నగా చెక్క ముందు కూర్చుని, పుస్తకం తెరిచి, కండె జరుపుతూ తన పాట తనే వాయించుకుంది. రెండో పేజీలో ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ మీటింది. కండెను ఒక్క గీత పక్కకు జరిపి విని, పెన్సిలు అందుకుని టేపక్క రాసిన అంకె కొట్టేసి కొత్తది వేసింది.

టేపక్క బిక్కచచ్చిపోయింది. "తప్పు రాశానా అత్తయ్యా?"

అత్తగారు తల అడ్డంగా ఊపి, చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు సరిగ్గానే రాశావు. ఆ రోజు గొంతు నొప్పెట్టి నేనే తప్పు పాడాను. ఇప్పుడు సరిగ్గా పాడాను."